దీనారునకు ఎన్ని రూపాయలు?

గౌతమీ వసిష్ఠ పాయల నడుమ, సముద్రమువరకు పరచుకొనియున్న పచ్చని నేల కోనసీమ. అక్కడ కొబ్బరి ధర తెలియని ఇల్లుండదు. అంబాజీపేట మార్కెట్టులో వేయి కాయలు ఎంతకు తెగినవో పొద్దు వాలకముందే కాలువగట్లమీదుగా ఊరూర పాకిపోవును. అయితే రాజోలు, మలికిపురము, సఖినేటిపల్లి, అమలాపురము ప్రాంతములలో కొబ్బరి ధరతోపాటు మరియొక ధరను కూడ జనులు విచారించుచుందురు. "దీనారు రేటెంతుందండీ?" అని బ్యాంకు మెట్లమీద ఒకరినొకరు అడుగుట అక్కడ వింతకాదు. దీనారు కువైటు దేశపు నాణెము. ఆ దేశము కోనసీమకు వేల మైళ్ల దూరమున, పర్షియా సింధుశాఖ కొనయందున్న ఇసుక నేల. అక్కడి నాణెము ధర ఇచ్చటి కొబ్బరితోటలలో చర్చకు వచ్చుటకు కారణము, ఈ ప్రాంతపు స్త్రీపురుషులు వేలకొలది అచ్చట పనిచేసి, జీతములో మిగిల్చిన సొమ్మును ఇంటికి పంపుచుండుటయే.

ఒక దేశపు నాణెమునకు బదులుగా మరియొక దేశపు నాణెములు ఎన్ని వచ్చునో తెలుపు లెక్కను మారకపు రేటు అందురు. వేయి కాయలకు ఇన్ని రూపాయలన్నట్లే, ఒక దీనారునకు ఇన్ని రూపాయలు. కొబ్బరి అమ్మజూపువారు ఎక్కువై కొనువారు తక్కువైనచో ధర పడిపోవును. కొనువారు పోటీపడినచో లేచును. నాణెములకును ఇదే న్యాయము వర్తించును. కాని కొబ్బరికి లేని చిక్కు నాణెమునకు ఒకటి కలదు. కాయ ధరను సంత నిర్ణయించును. నాణెము ధరను మాత్రము అనేక పర్యాయములు ప్రభుత్వములే నిర్ణయించి, ఏండ్ల తరబడి కదలకుండ పట్టియుంచినవి. అట్లు పట్టియుంచుటకు శక్తి చాలని దినమున విడిచిపెట్టినవి. దీనారు రూపాయిల చరిత్రలో ఈ పట్టుటలు, విడుచుటలు పలుమారులు కనిపించును.

ఇచ్చట ఒక భ్రమను ముందుగనే తొలగించుకొనుట మంచిది. 2024లో ఒక దీనారునకు 270 రూపాయలకు పైగా వచ్చినవి. అంతమాత్రమున కువైటువాడు కోనసీమవానికంటె 270 రెట్లు భాగ్యవంతుడని అర్థము కాదు. దీనారు పెద్ద కొలత. రూపాయి చిన్న కొలత. అడ్డెడు గింజలు సోలెడు గింజలకంటె ఎక్కువయైనంత మాత్రమున అడ్డతో కొలుచువాడు ధనికుడగునా? అదే సంవత్సరమున ఒక రూపాయికి జపానువారి యెన్‌లు దాదాపు 1.8 వచ్చినవి. జపాను భారతదేశముకంటె బీద దేశమని ఎవరును అనరు. కావున ఒకనాటి రేటును చూచి ఏ దేశము గొప్పదో తేల్చుట తగదు. ఆ రేటు ఏ వైపునకు, ఎందువలన కదలినది అని చూచినపుడే విషయము బోధపడును.

గోదావరి మండలమువారు పొట్టకూటికై సముద్రము దాటుట కువైటుతో మొదలు కాలేదు. అంతకుముందు నూరేండ్లకు తక్కువ కాకుండ వారు బర్మాకు పోయిరి. గౌతమీ ముఖద్వారము వద్దనున్న కోరంగి రేవు పేరుమీదుగా రంగూనులో తెలుగువారిని 'కోరంగీలు' అని పిలిచెడివారు. అయితే రంగూనుకు పోయిన కూలివానికి మారకపు రేటు అను మాటతో పనిలేకుండెను. బర్మా 1937 వరకు బ్రిటిషు ఇండియాలోనిదే. అక్కడ సంపాదించినది రూపాయి, ఇక్కడ ఖర్చుపెట్టినది రూపాయి. విడిపోయిన పిదపను బర్మాలో రూపాయియే చెల్లెను. 1942లో జపాను సైన్యము బర్మాను ఆక్రమించి తన రూపాయి నోట్లను అచ్చువేసి పంచిపెట్టెను. యుద్ధము ముగిసిననాడు ఆ నోట్లు చిత్తుకాగితములయ్యెను. స్వతంత్ర బర్మా 1952లో రూపాయి స్థానమున క్యాట్ అను సొంత నాణెమును పెట్టుకొనినది.

ఇక విశేషమేమనగా, కువైటులో సైతము ఒకప్పుడు చెల్లినది రూపాయియే. సింధుశాఖ తీరములందలి అరబ్బులు ముత్యములు తీసి బొంబాయికి తెచ్చి అమ్మెడివారు. బియ్యము, బట్టలు, పడవలకు వలయు కలప కొనిపోయెడివారు. ఆ తీరపు రాజ్యములమీద బ్రిటిషువారు నెరపిన అధికారము కూడ చిరకాలము భారత ప్రభుత్వము ద్వారముననే నడచెను. అందువలన కువైటు, బహ్రెయిన్, ఖతర్, దుబాయి మొదలగు చోట్ల అంగళ్లలో రూపాయలు, అణాలు చెలామణి అగుచుండెను. కువైటు ఇసుక క్రింద 1938లో చమురు బయల్పడెను. 1946లో చమురు ఓడలకెక్కి ఎగుమతి అయ్యెను. ఆ చమురు సంపదలో జీతములు చెల్లించినదియు మన రూపాయలలోనే.

ఆనాడు రూపాయి విలువ ఇంగ్లండు పౌనుతో కట్టుబడియుండెను. ఈ కట్టుబాటు వెనుక ఒక పెద్ద వివాదమున్నది. పౌనుకు 20 షిల్లింగులు. షిల్లింగుకు 12 పెన్నీలు. అనగా పౌనుకు 240 పెన్నీలు. 1873 తరువాత లోకమున వెండి ధర పడిపోగా, వెండి నాణెమైన రూపాయి కూడ పడిపోయెను. రెండు షిల్లింగుల విలువగల రూపాయి ఇరువది యేండ్లలో ఒక షిల్లింగు రెండు పెన్నీల దరికి దిగజారెను. 1893లో ప్రభుత్వము టంకసాలలలో ప్రజల వెండిని రూపాయలుగా కొట్టియిచ్చుట మానివేసి, కొలది యేండ్లకు రూపాయిని 16 పెన్నీల వద్ద నిలిపెను. 240ని 16చేత భాగించిన పౌనుకు 15 రూపాయలు. 1926లో హిల్టన్ యంగ్ కమిషన్ దానిని 18 పెన్నీలకు పెంచవలెనని సిఫారసు చేయగా, 1927లో శాసనమయ్యెను. 240ని 18చేత భాగింపగా పౌనుకు 13⅓ రూపాయలు, పాత లెక్కలో రూ. 13-5-4.

రెండు పెన్నీల తేడాకు అంత గొడవ యెందుకని తోచవచ్చును. సముద్రము దాటిపోవు సరుకు ఒక పౌనుకు అమ్ముడైనచో, పాత రేటున దేశములోని రైతుకు, వర్తకునకు చేరునది 15 రూపాయలు. కొత్త రేటున 13 రూపాయలు చిల్లర. దిగుమతి చేసికొనువానికి, ఇంగ్లండునకు జీతములు, పింఛనులు పంపుకొను తెల్లదొరలకు కొత్త రేటు లాభము. అందుచేతనే కమిషన్ సభ్యుడైన పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్ ఆ సిఫారసుతో ఏకీభవింపక తన అసమ్మతిని వేరుగ వ్రాసెను. దేశమున వర్తకులు, రాజకీయ నాయకులు ఏండ్ల తరబడి 16 పెన్నీలకై పోరాడిరి.

ఈ విషయముననే డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ లండనులో చదువుచు ఒక సిద్ధాంత గ్రంథము వ్రాసెను. 'రూపాయి సమస్య' యను అర్థమిచ్చు పేరుతో అది 1923లో ప్రకటితమయ్యెను. హిల్టన్ యంగ్ కమిషన్ ఎదుటను ఆయన సాక్ష్యమిచ్చెను. రూపాయి విలువ తగ్గినచో దేశమునకు లాభమని పలువురు వాదించుచుండగా, ఆ లాభమెవరిదని ఆయన ప్రశ్నించెను. రూపాయి పడినపుడు ధరలు ముందుగా పెరుగును. కూలిరేట్లు మెల్లగా వెనుక నడచును. ఆ నడిమి కాలమున వర్తకుని లాభము కూలివాని సంచినుండి వచ్చినదే. కోనసీమ 2022 ఏప్రిలులో అమలాపురము కేంద్రముగా ప్రత్యేక జిల్లాయైనది. ఆ సంవత్సరమే ఆ జిల్లాకు అంబేద్కర్ పేరు చేర్చబడినది. కూలిడబ్బు మారకపు రేటుమీద ఆధారపడి బ్రతుకు కుటుంబములు ఇన్ని గల జిల్లాకు, రూపాయి మారకముమీద గ్రంథము వ్రాసిన పండితుని పేరు అమరుట కాకతాళీయమే గాని, ముచ్చటైన కాకతాళీయము.

పౌనుకు 13⅓ రూపాయల రేటు స్వాతంత్ర్యము వచ్చిన తరువాతను మారలేదు. 1949లో ఇంగ్లండు తన పౌను విలువను డాలరుతో పోల్చి తగ్గించినపుడు భారతదేశమును అంతే తగ్గించుకొనుటచే, పౌనుకు రూపాయికి నడుమ లెక్క చెక్కుచెదరలేదు.

కాని సింధుశాఖలో రూపాయి ఉండుట స్వతంత్ర భారతమునకు ఒక కొత్త ఇబ్బంది తెచ్చిపెట్టెను. ప్రభుత్వము బంగారము దిగుమతిని కట్టడిచేసినందున బొంబాయిలో బంగారము ధర లోకపు ధరకంటె చాల హెచ్చుగానుండెను. దొంగరవాణా చేయువారు రూపాయి నోట్లను మూటలుగా కట్టి పడవలమీద సింధుశాఖ రేవులకు చేర్చి, అక్కడ బంగారము కొని, రహస్యముగా భారత తీరమున దింపెడివారు. అంతటితో కథ ముగియదు. ఆ నోట్లు అరబ్బు దేశముల బ్యాంకులకు చేరును. ఆ బ్యాంకులు వాటిని రిజర్వు బ్యాంకునకు పంపి, "మీ నోట్లు మీరు తీసికొని మాకు పౌనులిండు" అని అడుగును. ఇయ్యక తప్పదు. అనగా దొంగ బంగారమునకు వెలను చివరకు చెల్లించినది భారతదేశపు విదేశమారక ద్రవ్యనిధియే! ఇంజనులు, యంత్రములు కొనుటకు దాచుకొన్న నిధి ఈ విధముగా కారిపోవుచుండెను.

దీనికి 1959లో ఒక ఉపాయము పన్నబడెను. పార్లమెంటు రిజర్వు బ్యాంకు చట్టమును సవరింపగా, సింధుశాఖ దేశములలో మాత్రమే చెల్లునట్లు వేరు రంగులలో ప్రత్యేకపు రూపాయి నోట్లు ముద్రితమయ్యెను. భారతదేశములో చెల్లు పదిరూపాయల నోటు ఇక అక్కడ చెల్లదు. అక్కడి నోటు ఇక్కడ చెల్లదు. విలువ మాత్రము రెండింటికిని ఒకటే. జనులు దీనిని 'గల్ఫు రూపాయి' అనిరి. ఒకే తల్లికి పుట్టిన ఇద్దరు బిడ్డలలో ఒకరిని పరదేశమున పెంచినట్లుండెను ఈ ఏర్పాటు.

అది ఎక్కువ కాలము సాగలేదు. 1961 ఏప్రిలు 1వ తేదీన కువైటు తన సొంత దీనారును ప్రవేశపెట్టెను. ఆ జూనులో ఆ దేశము పూర్తి స్వాతంత్ర్యము పొందెను. దీనారు విలువ సరిగా ఒక పౌను. కావున ఒక దీనారునకు 13⅓ రూపాయలు. దీనారును వేయి ఫిల్సులుగా విభజించిరి. 1000ని 13⅓చేత భాగించినచో 75 వచ్చును గదా. కువైటు జనులు తమ యొద్దనున్న ఒక్కొక్క రూపాయికి 75 ఫిల్సుల చొప్పున పుచ్చుకొనిరి. దీనారు రూపాయిల మారకమున మొదటి రేటు ఇదే.

అయిదేండ్లు గడచెను. ఈలోగా భారతదేశము 1962లోను 1965లోను యుద్ధములు చేయవలసివచ్చెను; వర్షములు లేక పంటలు పోయెను; తిండిగింజలు ఓడలమీద తెప్పించుకొను స్థితి కలిగెను. సహాయము చేయు విదేశ సంస్థలు రూపాయి విలువ తగ్గింపుడని ఒత్తిడి చేసెను. 1966 జూను 6వ తేదీన ప్రభుత్వము రూపాయి మూల్యన్యూనీకరణమును అమలుపరచెను. 4 రూపాయల 76 పైసలుగానున్న డాలరు 7 రూపాయల 50 పైసలయ్యెను. 13⅓ రూపాయల పౌను 21 రూపాయలయ్యెను. దీనారును అట్లే 21 రూపాయలయ్యెను. ఆనాడు పత్రికలు కొన్ని రూపాయి నూటికి 36.5 వంతున తగ్గినదనియు, కొన్ని డాలరు నూటికి 57.5 వంతున పెరిగినదనియు వ్రాసినవి. చదువరులు తికమకపడిరి. రెండును సత్యమే. 4.76 నుండి 7.50కి పెరుగుట నూటికి 57.5 వంతుల పెరుగుదల. రూపాయి వైపునుండి చూచినచో, పూర్వము 7 రూపాయల 50 పైసలకు లభించిన డాలర్లలో ఇప్పుడు నూటికి 63.5 వంతులే లభించును. నిచ్చెనను క్రిందినుండి చూచుటకును పైనుండి చూచుటకును గల భేదమే ఇది.

కువైటువలె ముందుగా జాగ్రత్తపడక ఇంకను గల్ఫు రూపాయలనే వాడుచున్న ఖతర్, దుబాయి రాజ్యముల గతి చిత్రమైనది. ఢిల్లీలో జరిగిన నిర్ణయమునకు వారి పెట్టెలలోని ధనము ఒక్క రాత్రిలో మూడవ వంతుకు పైగా విలువ కోల్పోయెను. వెంటనే వారు రూపాయిని వదలి వేరు నాణెములు ఏర్పరచుకొనిరి. ఒమాను మాత్రము 1970 వరకు ఓపిక పట్టెను. ఇంగ్లండు 1967లో మరల పౌను విలువ తగ్గించుకొనగా, కువైటు దీనారు దానిని వెంబడింపలేదు, రూపాయియు వెంబడింపలేదు. కావున పౌను 18 రూపాయలకు దిగినను దీనారు 21 రూపాయల వద్దనే నిలిచెను. తండ్రి చేయి విడిచి నడచిన బిడ్డవలె దీనారు అప్పటినుండి తన కాళ్లమీద నిలిచినది.

ఇంతవరకు కోనసీమవారికి ఈ లెక్కలతో సంబంధము తక్కువ. 1973 అక్టోబరు యుద్ధము పిమ్మట చమురు ధర కొలది నెలలలో నాలుగింతలయ్యెను. కువైటులో రోడ్లు, మేడలు, ఆసుపత్రులు లేచెను. పని చేయుటకు ఆ చిన్న దేశపు జనము చాలరైరి. అప్పుడు రాజోలు, అమలాపురము, కొత్తపేట తాలూకాలనుండి, గోదావరికి ఆవలి నరసాపురమునుండి, రాయలసీమలో కడప ప్రాంతమునుండి జనులు బొంబాయి రైలెక్కిరి. మేస్త్రీలు, డ్రైవర్లు, వంటవారు పోయిరి. ముఖ్యముగా స్త్రీలు ఇంటిపనులకు పోయిరి. వారిని కువైటులో ఖద్దామాలందురు. చంటిబిడ్డను అమ్మమ్మ చేతిలో పెట్టి రెండేండ్ల ఒప్పందముపై ఓడలవంటి మేడలలో పనికి కుదిరిన తల్లులు ఎందరో. వారు తమ గొంతు క్యాసెట్టులో నింపి పంపెడివారు. ఇంటివారు చుట్టును చేరి దానిని మరల మరల వినెడివారు.

సొమ్ము మాత్రము డ్రాఫ్టు రూపమున రిజిస్టరు కవరులో వచ్చెడిది. కువైటులో డబ్బు మార్చు అంగడికి పోయి దీనారులు చెల్లించినచో, ఆనాటి రేటున ఇన్ని రూపాయలని వ్రాసి డ్రాఫ్టు ఇత్తురు. రేటు నిర్ణయమగునది డ్రాఫ్టు కొన్న దినముననే గాని, అది ఇంటికి చేరిన దినమున కాదు. ఈ సూక్ష్మము తెలియక, దారిలో రేటు పెరిగినను తమకు తక్కువ వచ్చినదేమని పోస్టుమనిషిని అనుమానించిన అమాయకులును లేకపోలేదు. ఒకే దినమున అంగడిలో రెండు రేట్లుండుటయు గమనింపదగినది. దీనారు వారు కొనునపుడు ఒక ధర, అమ్మునపుడు అంతకంటె హెచ్చు ధర. కొబ్బరి వర్తకుడు మాత్రము కొన్న ధరకే అమ్మునా?

ఆ కాలమున రూపాయి రేటును ప్రభుత్వమే నిర్ణయించుచుండెను. ప్రభుత్వపు రేటుకంటె చాటుమాటు బజారులో దీనారునకు ఎక్కువ రూపాయలిచ్చువారుండిరి. హవాలా యని పేరు గల ఈ పద్ధతిలో అక్కడ దీనారులిచ్చిన, ఇక్కడ ఎవరో ఒకరు వచ్చి రూపాయలిచ్చిపోదురు, రసీదు ఉండదు. అది చట్టవిరుద్ధము. సొమ్ము చేరకపోయినచో ఫిర్యాదు చేయుటకు దిక్కులేదు. నాలుగు రూపాయలకు ఆశపడి నలుబది నెలల కష్టమును నమ్మకము పేరిట ఇతరుల చేతిలో పెట్టుటయే అది.

దీనారు 1980 ప్రాంతమున దాదాపు 29 రూపాయలు, 1990 వేసవికి దాదాపు 60 రూపాయలు అయ్యెను. ఆ వేసవిలోనే పిడుగు పడెను. ఆగస్టు 2వ తేదీన ఇరాకు సైన్యము కువైటును ఆక్రమించెను. దీనారు ఇరాకు దీనారుతో సమానమని ఆక్రమించినవారు ప్రకటించిరి. కొలది వారములకు అసలు కువైటు దీనారే చెల్లదనిరి. ఇరాకు దీనారునకు బజారులో విలువ చాల తక్కువ. నిన్నటివరకు 60 రూపాయలు తెచ్చిన నోటు కాగితమువలె కనబడసాగెను. అప్పుడు కువైటులోనున్న భారతీయులు లక్షన్నరకు పైబడినవారు. ఎడారి మార్గమున జోర్డాను చేరి, అమ్మాను నగరమున వేచియుండిరి. ఎయిర్ ఇండియా విమానములు దాదాపు రెండు నెలలపాటు 488 పర్యాయములు తిరిగి లక్షమందికి పైగా బొంబాయికి చేర్చెను. వారిలో గోదావరి జిల్లాలవారు అనేకులు. కొందరు కట్టుబట్టలతో వచ్చిరి. కొందరు మడతపెట్టి దాచిన దీనారు నోట్లతో వచ్చిరి గాని, వాటిని మార్చువారు అరుదైరి.

ఇచ్చట ఒక కుటుంబపు లెక్కను ఊహింపవచ్చును. ఒక తల్లి వీసా కొరకును విమానపు ఖర్చుకును వడ్డీకి 30,000 రూపాయలు అప్పుచేసి కువైటు వెళ్లినదనుకొనవచ్చును. జీతము నెలకు 40 దీనారులు. దీనారునకు 60 రూపాయలైనపుడు ఆ అప్పు 500 దీనారులు. పండ్రెండున్నర నెలల జీతము. ఆమె ఆరు నెలలు పనిచేసి తిరిగివచ్చినచో, అప్పు సగమైనను తీరదు. వడ్డీవ్యాపారికి కువైటులో యుద్ధము వచ్చినదన్న మాటతో పనిలేదు. దీనారు చెల్లకపోయినను రూపాయలలోని వడ్డీ ఆగదు గదా! ఆ సంవత్సరము కోనసీమలో ఎన్నో ఇండ్లలో పుస్తెలు మాత్రమే మిగిలెను.

1991 ఫిబ్రవరి చివరకు కువైటు విముక్తి పొందెను. ఆ ప్రభుత్వము మార్చి 24న రంగులు మార్చిన కొత్త నోట్లను విడుదల చేసి, ఇరాకువారు దోచుకొనిపోయిన నోట్లను రద్దుచేసెను. దీనారును యుద్ధమునకు పూర్వపు రేటుననే నిలబెట్టెను. చమురు బావులు మండుచుండగానే ఒక దేశము తన నాణెము మాట నిలుపుకొనుట సామాన్య విషయము కాదు. నష్టపడినవారికి ఇరాకు చమురు ఆదాయమునుండి పరిహారమిచ్చుటకు ఐక్యరాజ్యసమితి ఒక కమిషన్ నెలకొల్పెను. కువైటు విడిచి రావలసివచ్చిన ఒంటరి వ్యక్తి, ఇతరమైన నష్టమేదియు కోరనిచో, 4,000 డాలర్లు పొందుటకు అర్హుడు. ఆ సొమ్ము చేతికి వచ్చుటకు అయిదారేండ్లు, అంతకు మించియు పట్టెను. డాలరునకు 35 రూపాయల లెక్కన అది 1,40,000 రూపాయలు.

ఇంతలో రూపాయికే ఆపద వచ్చెను. ప్రభుత్వము చిరకాలముగా ఆదాయమునకు మించి ఖర్చు చేయుచుండెను. యుద్ధమువలన చమురు వెల పెరిగెను. గల్ఫునుండి వచ్చు సొమ్ము తగ్గెను. అనగా కువైటునుండి తిరిగివచ్చిన వంటమనిషి పంపలేకపోయిన డ్రాఫ్టు కూడ దేశపు నిధిలో లోటులో ఒక చుక్కయే. విదేశమారక ద్రవ్యము రెండు మూడు వారముల దిగుమతులకు మాత్రమే చాలునంతగా తగ్గిపోయెను. దేశపు బంగారమును విమానములకెక్కించి ఇంగ్లండు, జపానుల కేంద్ర బ్యాంకులలో కుదువపెట్టవలసివచ్చెను. పెండ్లినాటి గొలుసును షావుకారుకొట్టున పెట్టిన ఇల్లాలికి ఆ బాధ వేరుగ చెప్పనక్కరలేదు. 1991 జూలై 1, 3 తేదీలలో రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గింపబడెను. డాలరు 21 రూపాయలనుండి 26 రూపాయల దరికి పోయెను. దీనారు దాదాపు 88 రూపాయలయ్యెను.

ఊహించిన ఆ తల్లి మరల కువైటుకు పోయినచో, అసలు 30,000 రూపాయలు ఇప్పుడు 341 దీనారులే. ఎనిమిదిన్నర నెలల జీతము. పండ్రెండున్నర నెలల బరువు ఎనిమిదిన్నరకు దిగినది. దేశమునకు వచ్చిన ఆపద ఆమె అప్పును తేలికపరచినది! కాని ఆమె బిడ్డలు కోనసీమలోనే ఉన్నారు. బియ్యము, పప్పు, నూనె ఇక్కడనే కొనవలెను. 1991-92లో టోకు ధరలు నూటికి 13 వంతులకు మించి పెరిగెను. ఇక పరదేశమున ఎవరును లేని పొరుగింటి కూలివానికి రేటు పెరుగుటచే వచ్చిన లాభము సున్న. ధర పెరుగుటచే వచ్చిన నష్టము మాత్రము నిండుగా కలదు. అంబేద్కర్ అడిగిన ప్రశ్న ఇచ్చట ఒకే అరుగుమీద రెండు ఇండ్ల నడుమ నిలిచినది.

1993 మార్చినుండి రూపాయి రేటును సంతకు వదలిరి. అప్పటికి దీనారు 100 రూపాయలు దాటినది. ప్రభుత్వపు రేటు, బజారు రేటు ఒకటి కాగా హవాలాకు బలము కొంత సన్నగిల్లెను. రిజర్వు బ్యాంకు రేటును నిర్ణయింపదు గాని, మితిమీరిన ఊగిసలాట కలిగినపుడు తాను డాలర్లు కొని గాని అమ్మి గాని అదుపు చేయును. కువైటు పద్ధతి వేరు. ఆ దేశము తన దీనారును కొన్ని ముఖ్య నాణెముల కలగూరగంపకు కట్టుకొనినది. నడుమ 2003నుండి 2007 మే వరకు డాలరునకు మాత్రమే కట్టి, డాలరు బలహీనపడగా మరల పాత పద్ధతికి మరలినది. కావున దీనారు రేటు పెరిగినదనగా సామాన్యముగ దీనారు లేచుట కాదు. అది నిలిచిన చోటనే యుండగా రూపాయి దిగుట. ఒడ్డుననున్న తాటిచెట్టు ఎత్తు పెరిగినట్లు పడవలోనివానికి తోచును. నిజమునకు ఏటిలో నీరు తీసినది.

నీరు ఎల్లప్పుడు తీయునదే కాదు. 2002లో దీనారునకు దాదాపు 160 రూపాయలుండగా, 2007 చివరకు విదేశపు పెట్టుబడులు వెల్లువగా వచ్చి రూపాయి బలపడుటచే అది 144 రూపాయలకు దిగెను. రూపాయి బలపడినదని పత్రికలు సంతోషించినవి. కాని నెలకు 50 దీనారులు పంపు మనిషి ఇంటికి 8,000 రూపాయలకు బదులు 7,200 రూపాయలే చేరినవి. పిల్లవాని కళాశాల జీతము ఆమేరకు తగ్గలేదు. దేశమునకు శుభవార్తయైనది ఆ ఇంటికి అప్పయినది. మరల 2013 ఆగస్టులో రూపాయి హఠాత్తుగా కూలి, దీనారు దాదాపు 240 రూపాయలకు పోయెను. ఆ కొలది దినములలో కువైటులోని డబ్బు మార్చు అంగళ్ల ముందు బారులు తీరిరి. కొందరు స్నేహితులవద్ద చేబదులు తీసికొని మరీ సొమ్ము పంపిరి.

ఇంకను ఆగిన ఎక్కువ వచ్చునేమోయని దాచియుంచి, రేటు దిగగా చింతించినవారును కలరు. వారిని చూచి నవ్వుటకు వీలులేదు. దింపించిన కాయను ధర కొరకు రాశిపోసి, కురిడీ అగువరకు కాచియుండు కోనసీమ రైతునకు ఆ ఆశ, ఆ చింత రెండును పరిచితములే. కాయకు మొలక వచ్చును, ఎలుక వచ్చును; దాచిన దీనారునకు ఆ భయము లేదు. ఇంటివద్ద పెరుగు వడ్డీ మాత్రము రెండింటికిని సమానమే.

ఇప్పుడు డ్రాఫ్టులు, రిజిస్టరు కవరులు పోయినవి. కువైటు అంగడిలో సొమ్ము కట్టిన దినముననే, ఒక్కొక్కప్పుడు గడియలోపలనే, రాజోలు బ్యాంకు ఖాతాలో జమ అగుచున్నది. రేటు చేతిలోని ఫోనులో క్షణక్షణమును కనిపించును. 1961లో కువైటు తన జనులకు రూపాయి ఒక్కింటికి 75 ఫిల్సులిచ్చినది. 2024లో రూపాయికి నాలుగు ఫిల్సులైనను రావు. కువైటులో చెల్లుచున్న నాణెములలో మిక్కిలి చిన్నది 5 ఫిల్సులది.